తల వంచితే పాట అయిపోయినట్టే

పోయిన వారం తిరుపతి బస్సు భాకరాపేట ఘాటు దిగుతుండగా నా కుడి చెవి మూసుకుపోయింది. కొండ దిగేటప్పుడు చాలామందికి జరిగేదే. ముక్కు మూసుకుని గుటక వేశాను. లోపల టప్పుమని చిన్న చప్పుడైంది, చెవి తెరుచుకుంది, బస్సు మోత మళ్ళీ వినిపించింది. పక్క సీటులోంచి మా ఆవిడ "ఏమి, మీలో మీరే నవ్వుతాండారు?" అంది. నవ్వుతున్నానని నాకే తెలియదు. మనసులో ఒక మనిషి మెదిలాడు. అందరూ చెవి మూసుకుపోయిందని బాధపడితే, మూసుకోవడం లేదని బాధపడిన మనిషి.

ఆయన పేరు రాయను. అచ్చులో తన పేరు కనబడటం ఆయనకు నచ్చేది కాదు. కూతురి పెళ్ళి పత్రికలో కూడా భూతద్దం పెట్టి వెతుక్కునేంత చిన్న అక్షరాల్లో వేయించుకున్నాడట. మదనపల్లె టమోటా యార్డులో అందరూ ఆయన్ని పాటాయన అనేవాళ్ళు. రైతుల కాయ దించుకుని అమ్మిపెట్టే ఒక మండీలో వేలంపాట పాడటం ఆయన పని.

నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. భూసార పరీక్షా కేంద్రంలో మట్టి నమూనాలు పరీక్షిస్తూ రిటైరయ్యాను. ఏ రోజు ఎండ ఎలా ఉంది, ఏ బస్సెక్కాను, ఎవరింటికి పోయాను, అన్నీ రాస్తాను. ఆయన్ని మొదటిసారి కలిసిన రోజు ఏమి రాశానోనని ఇంటికి రాగానే పాత డైరీ తీసి చూశాను. "కుప్పం పోయి వచ్చితిని. రెండు చెవులూ బాగున్నవి. బస్సు ఆలస్యము." అంతే. ఆ రోజు నన్ను వేలం వేశారన్న సంగతి కూడా రాయలేదు. ఇక డైరీని నమ్ముకుని లాభం లేదనిపించి ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను గులిమి తీయించుకోవడానికి మదనపల్లెలో ఒక చెవి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నా చెవుల్లోకి లైటు వేసి చూసి, "ఈ వయసులో ఇంత మంచి చెవులు అరుదు సార్. కుప్పంలో ఒక డాక్టరమ్మ పరిశోధన చేస్తాంది. ఇట్లాంటి చెవులు కావాలంటాంది. పోతారా?" అన్నాడు. మంచి చెవులతో ఆమెకేం పని అని నేను అడగలేదు. నాకు తెలుసు. చౌడు నేల మట్టిని పరీక్షించేటప్పుడు పక్కన మంచి నేల మట్టి కూడా పెట్టుకోవాలి. లేకపోతే పరికరం చెప్పేది నిజమో కాదో తెలియదు. నేను మంచి నేలగా పోవడానికి ఒప్పుకున్నాను.

డాక్టరమ్మ చేస్తున్న పని ఇది. చెవిలో కర్ణభేరి వెనక చిన్న గది లాంటిది ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నని గొట్టం పోతుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో రెప్పపాటు తెరుచుకుని, లోపలి గాలిని బయటి గాలితో సమానం చేసి మళ్ళీ మూసుకుంటుంది. పెద్దవాళ్ళలో ఆ గొట్టం సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి చాలా పరీక్షలున్నాయి. కానీ వాటిలో ఏది నమ్మదగిందో గట్టిగా చెప్పగలిగిన వాళ్ళు లేరట. అందుకని ఒకే మనిషికి అన్ని పరీక్షలూ చేసి, ఏది దేనితో పొసుగుతుందో, ఏది పొసగదో చూస్తోంది ఆమె.

నేనెక్కిన కుప్పం బస్సు పుంగనూరులో ఆగినప్పుడు ఆయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పొడవాటి మనిషి. చొక్కా మాత్రం ఎవరో లావాటి మనిషి దగ్గర అడిగి తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. కండక్టరు టికెట్టు ఇచ్చి పోగానే తల రెండు మోకాళ్ళ మధ్యకు వంచి అలాగే ఉండిపోయాడు. వాంతి చేసుకుంటాడేమోనని నా కాళ్ళు ఇవతలికి లాక్కున్నాను. ప్రతి ప్రయాణానికీ మా ఆవిడ సంచీలో వేసే నిమ్మకాయ తీసి ఆయన ముందు పెట్టాను.

"వాసన చూడప్పా. తగ్గిపోతాది."

తల ఎత్తకుండానే చెయ్యి చాచి తీసుకున్నాడు. బొటనవేలితో రెండు వైపులా నొక్కి చూసి, "కాయ మంచిదే సార్. తోలు మందం. నిలవుంటాది" అని నాకే తిరిగిచ్చాడు. "నాకు కడుపులో యేం ల్యా. చెవిలో ఉండాది."

"నొప్పా?"

"నొప్పి గాదు. నా గొంతు నాకే వినబడతాండాది."

"ఎవరి గొంతు వాళ్ళకు వినబడదా యేమి?"

"మీ గొంతు మీకు బైటి నుంచి వినబడతాది సార్. నాది లోపలి నుంచి. బిందెలో తల పెట్టి అరిస్తే యెట్లుంటాది? అట్ల. ఊపిరి దీసినా వినబడతాది. నిన్న అప్పడం నమిల్తే తలకాయిలో రోడ్డు రోలరు పోయినట్లాయ."

"తల వంచితే?"

"వంచితే పోతాది. ఎత్తి రొంచేపు మాట్లాడితే మల్ల వస్తాది. పండుకుంటే బలే సుకం. అట్లని పండుకునే పాట పాడలేను గదా."

ఆయన కూడా ఆ డాక్టరమ్మ దగ్గరికే వస్తున్నాడు. పుంగనూరులోనూ మదనపల్లెలోనూ చూపించుకున్నాడట. ఎవరికి చెప్పినా "చెవి దిబ్బడ" అనే చెప్పాడు. తనకు ఆ మాటే వచ్చు. దిబ్బడ అంటే గొట్టం మూసుకుపోయి ఉంటుందని ముక్కులో చుక్కలు ఇచ్చారు. చుక్కలు వేసుకున్న కొద్దీ బిందె పెద్దదైంది.

అప్పటి నుంచి కుప్పం చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నాం. అంటే ఆయన మోకాళ్ళతో మాట్లాడాడు, నేను ఆయన వీపుతో మాట్లాడాను. ఆ ప్రయాణంలోనే ఆయన అలవాట్లు రెండు మూడు తెలిసిపోయాయి. ఏ మనిషిని చూసినా కాయను చూసినట్టే చూసేవాడు. కండక్టరు "దోరకాయ, ఇంకా రంగు తిరగల్ల". ముందు సీటులో నిద్రపోతున్న పెద్దమనిషి "బాగా మాగినాడు, ఈ పొద్దే అమ్మేయల్ల". నా గురించి అడిగితే ఒకసారి తల పక్కకు తిప్పి చూసి, "మీరు పరవాలేదు సార్. ముడత ఉండాది గానీ మచ్చ ల్యా" అన్నాడు.

రెండోది, ఏ మాటైనా మూడుసార్లు అంటే గానీ ఆయన దృష్టిలో అది ఖాయం కాదు. పలమనేరులో బస్సాగితే కాఫీ తాగుతారా అన్నాను. "తాగుతా" అన్నాడు కానీ కదల్లేదు. కాసేపాగి "తాగుతా" అన్నాడు. అయినా కదల్లేదు. నేను దిగబోతుంటే "తాగుతా!" అని లేచి నాకన్నా ముందే దిగాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. బతుకంతా వేలంపాటలో గడిపిన మనిషి మరి.

వి.కోట దాటాక అసలు సంగతి చెప్పాడు.

వేలం ముగిసిందని తెలపడానికి ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఒకాయన చప్పట్లు కొడతాడు. ఒకాయన క్రేటు అంచు మీద అరచేత్తో చరుస్తాడు. ఈయన పాటకు వచ్చిన కొత్తలో, ఒక రైతు కాయకు మంచి ధర పలికితే ఆ సంతోషంలో టమోటా కుప్పకు దండం పెట్టినట్టు తల వంచాడట. అదే అలవాటైంది. రాను రాను ఆయన తల వంచితే పాట అయిపోయినట్టే అని ఆ మండీలో ఖాయమైంది. తల వంచాక ఎవరు ఎంత పెంచినా చెల్లదు. వంచే క్షణంలో చివరి మాట ఎవరిదో సరుకు వాళ్ళది.

ఇప్పుడు ఆయన కష్టం ఏమిటో తెలిసింది కదా. పాట మధ్యలో చెవిలో ఆ బిందె మోత మొదలయ్యేది. సొంత గొంతు తలలో మోగిపోతుంటే ఏ వ్యాపారి ఎంత అన్నాడో వినబడేది కాదు. ఓర్చుకోలేక తల వంచేవాడు. గుమాస్తా రాసేసుకునేవాడు. ఇంకా పెరగాల్సిన ధర అక్కడే ఆగిపోయి, రైతు నోరు తెరుచుకుని చూసేవాడు.

"కురబలకోట నుంచి ఒగక్క వస్తాది సార్. ముందు నేను పాడితేనే కాయ దించుతా అనేది. ఆయమ్మ కాయ రెండు మార్లు నా చెవి దెబ్బకు తక్కువకు పాయ. ఇప్పుడు యార్డులో అందరి ముందర అంటాండాది, ఆయప్పకూ వ్యాపారస్తులకూ లోపాయికారీ ఉండాది అని."

"చెవి సంగతి చెప్పలేదా?"

"చెప్తిని. నా కాయ వచ్చినప్పుడే నీ చెవి చెడిపోతాదా అనె. మండీ ఆయన ఈ సీజను దాకా సూస్తానన్యాడు. అంతలోపల బాగు గాకుంటే పాట ఇంగొకరికి ఇస్తాడంట. పాట పోతే పోనీ సార్, వయసాయ. లోపాయికారీ అనే మాట మింద దిగిపోతే మాత్రం, పుంగనూరులో బస్సు దిగి ఇంటికి యెట్ల నడిచేది?"

ఆ మాట అన్నప్పుడు మాత్రం తల ఎత్తి అన్నాడు. చెవి మోగుతున్నా సరే.

కుప్పం ఆసుపత్రిలో మేము చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నది నేను. ఆయన వరండాలో బెంచీ మీద తువ్వాలు చుట్టి తలకింద పెట్టుకుని హాయిగా పడుకున్నాడు. మా ఇద్దరినీ కలిపే లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ చిన్నది. మాట చురుకు. ముందు కాగితం మీద కొన్ని ప్రశ్నలు అడిగింది. చెవిలో ఒత్తిడిగా ఉంటుందా, మూసుకున్నట్టు ఉంటుందా, మోత ఉంటుందా, మాటలు మసకగా వినబడతాయా, ఇలాంటివి. నేను అన్నింటికీ లేదన్నాను. ఆయన ప్రతిదానికీ "ఉండాది... ఉండాది... ఉండాది!" అని మూడోసారి బల్ల మీద చరిచాడు. కాగితం ప్రకారం నా చెవులు బంగారం, ఆయనవి పూర్తిగా మూసుకుపోయినవి.

తర్వాత పరీక్షలు. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని బుగ్గలు ఉబ్బేలా గాలి ఊదమంది. ముక్కు మూసుకుని మంచినీళ్ళు గుటక వేయమంది. చెవిలో మెత్తని బిరడా పెట్టి గాలి ఒత్తిడి పెంచింది, తగ్గించింది. ముక్కులోకి గొట్టంతో గాలి వదులుతూ, సరిగ్గా అప్పుడే గుటక వేయమంది. గుటక వేయడం అంత కష్టమైన పని అని నాకు అంతకుముందు తెలియదు. అడిగితే రాదు. మూడోసారి నాకు పొలమారింది. ఆయన మాత్రం అడగ్గానే వేసేవాడు, పాటల మధ్య గుటకలు మింగి మింగి అలవాటైన గొంతు.

అన్నీ అయ్యాక డాక్టరమ్మ కాగితాన్నీ కంప్యూటరునూ మార్చి మార్చి చూసింది.

"మీ కాగితం చూస్తే గొట్టం అసలు తెరుచుకోవడం లేదని ఉండాది. ఈ పరీక్షలు చూస్తే బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. ఇప్పుడు చెవి ఎట్లుందప్పా?"

"ఇప్పుడా? ఇప్పుడేం ల్యాదమ్మా. బాగుండాది."

"మరి అన్నిటికీ ఉండాది అన్నారే?"

"మీరు ఉంటాదా అని అడిగితిరి. ఇప్పుడుండాదా అని అడగల్యా గదా."

ఆమెకు కోపం రాలేదు. కలం పక్కన పెట్టి, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "బయట బెంచీ మీద పడుకున్నది మీరే కదా. పడుకుంటే తగ్గుతుందా?"

"పండుకున్నా తగ్గుతాది, తల వంచినా తగ్గుతాది."

"ఎప్పుడు ఎక్కువ?"

"నిలబడి పాట పాడేటప్పుడు."

ఆమె లేచి నిలబడింది. "అయితే నిలబడి పాడండి. వేలంపాటే పాడండి. యార్డులో ఎట్ల పాడతారో అట్లనే."

"ఈడనా? సరుకు ల్యాకుండా యెట్ల పాడేదమ్మా?"

"ఏదో ఒకటి పెట్టుకోండి."

ఆయన గదంతా చూశాడు. స్టూలును చూశాడు, తూకం యంత్రాన్ని చూశాడు, రెండూ నచ్చలేదు. నా భుజం పట్టుకుని గది మధ్యకు తెచ్చి నిలబెట్టాడు.

"ఈ సార్ని పెడతా."

నేను వద్దనే లోపలే మొదలైంది. అంతవరకు గుసగుసలాడినట్టు మాట్లాడిన మనిషి నుంచి ఆ గొంతు వస్తుందని నేను ఊహించలేదు. కిటికీ అద్దాలు అదిరాయి.

"మదనపల్లె సరుకప్పో! మదనపల్లె సరుకు! గవర్మెంటు నీడలో పండింది, ఎండ దెబ్బ ల్యా! ముడతుండాది, మచ్చ ల్యా! రెండు చెవులూ గట్టి! యెవురప్పా, యెంతప్పా!"

తలుపు దగ్గర జనం మూగారు. నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ "పది" అంది. "పదీ పదీ పదీ! పదికి పాత గొడుగు గూడా రాదమ్మా!" వరండాలో చెవికి కట్టు కట్టుకున్న ఒక పెద్దామె లోపలికి తొంగిచూసి, ఏం అమ్ముతున్నారో తెలియకుండానే "ఇరవై" అంది. ఇంకెవరో ముప్పై అన్నారు. పెద్దామె పంతానికి పోయి నలభై అంది. నేను గది మధ్యలో నిలబడి నా ధర పెరుగుతుంటే ఏ ముఖం పెట్టాలో తెలియక డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. ఆయన చెయ్యి చెవి మీదికి ఎప్పుడు పోతుందా అని చూస్తోంది.

పోయింది. పాట మధ్యలో ఆయన ముఖం చిట్లించి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"వచ్చిందా? అట్లనే నిలబడండి. వంచొద్దు." బిరడా చెవిలో పెట్టింది. "నోరు మూసుకుని ముక్కుతో గట్టిగా ఊపిరి తీయండి. వదలండి. తీయండి."

తెర మీద గీత కనిపించింది. ఆయన ఊపిరి తీస్తే గీత దిగుతోంది, వదిలితే లేస్తోంది. ఊపిరితో పాటు ఆయన కర్ణభేరి ఊగుతోందన్నమాట. అంతకుముందు నా గీత చూశాను, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

"ఇప్పుడు తల వంచండి."

ఆయన వంచాడు. గీత నిలిచిపోయింది.

తలుపు దగ్గర నుంచి ఒక గొంతు: "తల వంచినాడు! అయిపోయ! సారు అవ్వకే!" ఎవరో టమోటా రైతు అయి ఉండాలి, ఆ మండీలో ఎప్పుడో కాయ దించి ఉంటాడు. కట్టు కట్టుకున్న పెద్దామె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నేనేం చేసుకునేదప్పా ఈ ముసలాయన్ని? ఇంట్లో ఉండేవోడే చాలు" అని వెళ్ళిపోయింది.

నవ్వులు ఆగాక డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. గొట్టం మూసుకుపోలేదు. అసలు మూసుకోవడమే లేదు. వాకిలి తెరిచి పెట్టినట్టు ఉండిపోతోంది. అందుకే సొంత గొంతు, ఊపిరి లోపలి నుంచి నేరుగా చెవిలోకి పోతున్నాయి. పడుకున్నా తల వంచినా అక్కడికి రక్తం చేరి గొట్టం కాస్త మూసుకుంటుంది. ఈ మధ్య సన్నబడ్డారా అని అడిగింది.

"షుగరన్యారమ్మా. అన్నం మానేస్తిని, సంగటి మానేస్తిని, పొద్దున నడక, సాయంత్రం నడక. చొక్కాలన్నీ పెద్దన్నవి మాదిరి అయిపాయ."

"అదే. గొట్టం చుట్టూ ఉండే కొవ్వు కూడా కరిగిపోయినట్టుంది. ముక్కులో చుక్కలు మానేయండి, అవి ఇంకా ఎండబెడతాయి. నీళ్ళు బాగా తాగండి. షుగరు చూసుకుంటూనే కొంచెం బరువు పెరగండి. తినమని చెప్పే డాక్టరు దొరకడం మీ అదృష్టం."

"మల్ల నన్ను మీ లెక్కలో రాసుకుంటిరా?"

ఆమె కాస్త ఇబ్బంది పడింది. పరిశోధనలో రెండే వరసలు. మూసుకుపోయిన చెవులు ఒకవైపు, బాగున్న చెవులు ఒకవైపు. ఈయన రెండిట్లోనూ రాడు. వేరు తీయాల్సిందే.

ఆయనకు ఒళ్ళు మండింది. "మూసుకుంటే తీసుకుంటారు. బాగుంటే తీసుకుంటారు. తెరుసుకుంటే మాత్రం గ్రేడింగులో తీసేస్తారా? ఇంత దూరం వస్తిమి గదమ్మా!"

"మీరు లెక్కలోకి రారు గానీ, మీ వల్ల లెక్క మారుతుందప్పా" అందామె. "ఇట్లాంటి వాళ్ళు మూసుకుపోయిన వరసలో కలిసిపోతే నా పరీక్షలు ఏవీ పొసగవు. పడుకుంటే తగ్గుతుందా అని ఇకమీద అందరినీ అడగాలి. పరీక్షకు ముందు బెంచీ మీద పడుకోనివ్వకూడదు. పై కమిటీకి రాసి అనుమతి అడుగుతాను."

తిరుగు బస్సులో ఆమెకు కూడా ధర కట్టాడు. "గట్టి కాయ సార్. ఢిల్లీ దాకా పోయినా నలగదు." పుంగనూరు దగ్గరపడుతుండగా, "నా చెవి వాకిలి తెరుసుకుందక్కా, అందుకే నీ కాయ తక్కువకు పాయ అంటే ఆయమ్మ నమ్ముతాదా సార్?" అన్నాడు.

ముగించే సైగ మార్చుకొమ్మని చెప్పాను. తల వంచడం మాని చేత్తో క్రేటు చరిస్తే సరిపోతుంది. నాకు అది చాలా సులువైన ఉపాయంగా తోచింది.

కొన్నాళ్ళకు ఫోను చేశాడు. "రేపు యార్డుకు రాండి సార్. మీ పద్ధతి మొదలుబెడతా."

పొద్దున్నే పోయాను. ఒక్కో రైతు క్రేట్లు ఒక్కో కుప్పగా, వరసలుగా పేర్చి ఉన్నాయి. కాలికింద నలిగిన కాయల రసం జారుతోంది. ఆయన వరస మొదట్లో నిలబడి చెయ్యెత్తాడు.

"వినండప్పా! ఈ పొద్దు నుంచి తల వంచితే పాట ముగిసినట్ల గాదు. క్రేటు మింద చేత్తో కొడితేనే ముగిసినట్ల!"

"యాలప్పా?" అన్నాడు ఒక వ్యాపారి.

"చెవి బాగల్యా."

"చెవికీ తలకాయికీ యేం సమ్మందం?"

"తలకాయికే గదప్పా చెవులుండేది" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. అందరూ నవ్వారు, సరేనన్నారు.

మొదటి కుప్ప పాట సగంలో ఆయన తల వంగింది. "అయిపోయ! రాయి!" అని అరిచాడు వ్యాపారి. గుమాస్తా అప్పటికే రాసేశాడు.

"కొట్టల్యా గదప్పా!"

"కొట్టకపోతే యేం, వంచితివి గదా! ఇన్నేండ్లు వంచింది చెల్లె గదా. ఈ పొద్దు చెల్లదా?"

మండీ ఆయన వచ్చి సర్దిచెప్పి పాట మళ్ళీ మొదలుపెట్టించాడు. కానీ ఆయన ముఖం బాగాలేదు. "ఒగ కుప్పకు రెండు పాటలు పాడే మండీ అని పేరొస్తే నాకు కాయ యెవురు దించుతారు?" అని పాటాయనకూ పక్కనున్న నాకూ మాత్రమే వినబడేలా అన్నాడు. నా సులువైన ఉపాయం మొదటి కుప్ప దగ్గరే చచ్చిపోయింది.

రెండో కుప్ప కురబలకోట అక్కది. చేతులు కట్టుకుని క్రేట్ల ముందు నిలబడింది.

"రాప్పా, రా. నా కాయ కాడికొస్తే నీ మెడ నిలబడదు గదా. అందరూ సూడండి ఈ పొద్దు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన కాయ తీసి చూడలేదు, గొంతు సవరించుకోలేదు. గడ్డం రొమ్ముకు ఆనేలా తల వంచేశాడు.

"ఇదేందిరా! నోరు తెరవకముందే వంచినాడు!"

"పాట మొదలే కాల్యా, ముగిసిందా?"

తల అలాగే వంచుకుని ఆయన పాట ఎత్తుకున్నాడు. చెవి మూసుకుని ఉంది కాబట్టి గొంతుకు అదురూ బెదురూ లేదు. యార్డు ఆ మూల నుంచి అన్న మాట కూడా ఆయనకు వినబడింది. అందుకుని పాడాడు, పెంచాడు, ఎగతాళి చేశాడు, మళ్ళీ పెంచాడు. వ్యాపారులకు దిక్కు తోచలేదు. పాట ముగింపుకొస్తోందో లేదో ఇన్నాళ్ళూ ఆయన ముఖం చూసి పసిగట్టేవాళ్ళు. ఇప్పుడు ముఖం లేదు, పల్చటి నెత్తి మాత్రం కనబడుతోంది. ఎక్కడ ఆగుతుందో తెలియక ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయారు. అక్క కట్టుకున్న చేతులు ఎప్పుడు విప్పిందో నేను చూడలేదు.

ఇంకెవరూ పెంచనప్పుడు ఆయన నెమ్మదిగా తల ఎత్తి, నేరుగా ఆమె ముఖంలోకి చూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు గుమాస్తా.

"అయిపోయ... అయిపోయ... అయిపోయ!"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నా కాయకు దండం బెడితివి" అంది చివరికి. "ఈ పొద్దే నా మొగం సూసినావు."

లోపాయికారీ అన్న మాట తర్వాత ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ సీజను దాటింది, ఇంకొకటి దాటింది, పాట ఆయనదే. మళ్ళీ సంగటి ముద్ద తింటూ కొంచెం ఒళ్ళు చేశాడు. చెవి చాలావరకు నెమ్మదించింది. ఒక రోజు బాగుంది కదా అని తల ఎత్తి పాడబోతే రైతులు ఒప్పుకోలేదట. "వంచుకోప్పా, ఆ పద్ధతే బాగుండాది" అన్నారట. నాకు ఫోనులో చెప్పి, బిందె పోయిన గొంతుతో హాయిగా నవ్వాడు.

డాక్టరమ్మ పరిశోధన ముగిసిందని విన్నాను. అందులో నా చెవులు ఉన్నాయి, ఆయనవి లేవు. కానీ వరండాలో ఆ బెంచీ తీసేసి కుర్చీలు వేశారు.

పోయిన వానాకాలం ఆయన పోయాడు. గుండె ఆగింది. చెవికీ దానికీ ఏ సంబంధమూ లేదు. పుంగనూరులో దినాలకు పోయాను. వాళ్ళ వీధిలో నడుస్తుంటే, బస్సు దిగి ఇంటికి యెట్ల నడిచేది అన్న మనిషి ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు అదే దారిలో తల ఎత్తుకుని నడిచి ఉంటాడో అనిపించింది.

ఈ మధ్య యార్డు వైపు పోయాను. ఆ మండీలో ఇప్పుడు ఒక నడివయసు మనిషి పాడుతున్నాడు. ఇంకో మండీ నుంచి కొత్తగా వచ్చాడు. చెవులకు ఏ లోపమూ లేదు. ఆయన కురబలకోట అక్క దించిన క్రేట్ల ముందుకొచ్చి, రొమ్ము విరుచుకుని, తల పైకెత్తి పాట అందుకోబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగప్పా. తల దించు ముందు. దించి పాడు. అయిపోయినాక ఎత్తి నా మొగం సూడు."

ఆయన ఎందుకని అడగబోయి, చుట్టూ ఉన్న వ్యాపారుల వైపు చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. తల దించి మొదలుపెట్టాడు.